మొదటి రాతి పగడం ఏది కొనాలి? ముందు ఇండియా టికెట్లు చూసుకోండి

శనివారం మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నానో లేదో, మా ఆఫీసు కుర్రాడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. కింద ఒకే ముక్క: "అన్నా, ఇది టార్చా, హామరా? తొంభై డాలర్లంటున్నాడు. తీసేసుకోనా?" ఫోటో నిండా నీలం. మధ్యలో ఆకుపచ్చగా మెరుస్తున్న వేళ్ల గుత్తి, ఉప్పునీళ్ల అక్వేరియంలో పెంచే రాతి పగడం. టార్చ్, హామర్ అందులో రెండు రకాలు. టార్చో హామరో చెప్పడం పెద్ద కష్టం కాదు, తర్వాత చెప్పాను కూడా. కానీ ముందు ఫోన్ చేసి వేరే సంగతి అడిగాను. "డిసెంబర్లో గుంటూరు వెళ్తున్నావా?"

"వెళ్తున్నా అన్నా. నాలుగు వారాలు. చెల్లి పెళ్లి ఉంది కదా."

"మరి ఆ నాలుగు వారాలూ ట్యాంకు ఎవరు చూస్తారు?"

అవతల కాసేపు మాట లేదు.

కొందరు రంగు చూసి కొంటారు, కొందరు పేరు చూసి, కొందరు పక్కవాడి ట్యాంకు చూసి. నేను డాలస్ పక్కన నలభై గ్యాలన్ల ట్యాంకు పెట్టి ఎనిమిదేళ్లయింది. మొదట్లో నేనూ అలాగే కొన్నాను, చాలానే పోగొట్టుకున్నాను. ఇప్పుడెవరడిగినా ఒకటే చెప్తాను: మీరు ఇంట్లో లేకపోతే ఆ ట్యాంకు ఎన్ని రోజులు నిలబడుతుందో ముందు తేల్చుకోండి, పగడం సంగతి ఆ తర్వాత. మనవాళ్లకు ఏడాదికో రెండేళ్లకో ఇండియా ప్రయాణం తప్పదు. అదీ వారం పది రోజులు కాదు, నెల. ఇది అమెరికాలో ట్యాంకు పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు, అది చివర్లో చెప్తాను.

ఎల్పీఎస్, ఎస్పీఎస్

రాతి పగడమంటే పైన మెత్తటి జంతువు, కింద అది కట్టుకున్న సున్నపు గూడు. ఆ గూడు కాల్షియం కార్బొనేట్, అరగొనైట్ రూపంలో. ఒంట్లో కంటికి కనబడని నాచు కణాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో తిండి తయారుచేసి అందులో చాలా భాగం పగడానికే ఇస్తాయి. అద్దెకున్నవాళ్లే ఇంటాయనను పోషించినట్టు. మన జ్యోతిష్కులు కుజుడి కోసం ఉంగరంలో పెట్టుకోమనే ఎర్ర పగడం ఈ బాపతు కాదు. అది వేరే వంశం, దాని పాలిప్‌కు (నోరున్న ఒక్కో చిన్న జంతువుకు) ఎనిమిది టెంటకిళ్లు, అంటే మెత్తటి వేళ్లుంటాయి. మనం ట్యాంకులో పెంచే రాతి పగడాలకు ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, ఇలా ఆరు లెక్కన వస్తాయి.

షాపుల్లో వీటిని రెండు గుంపులు చేస్తారు. పాలిప్ పెద్దగా, కండ పట్టినట్టు ఉంటే ఎల్పీఎస్ (లార్జ్ పాలిప్ స్టోనీ). సూది బెజ్జమంత పాలిప్‌లతో, సున్నపు కొమ్మ మీద పల్చటి తోలు కప్పినట్టు ఉంటే ఎస్పీఎస్ (స్మాల్ పాలిప్ స్టోనీ). శాస్త్రవేత్తలు చేసిన విభజన కాదిది, అక్వేరియం వాళ్లు వాడుకకు పెట్టుకున్నది. అయినా కొనేవాడికి పనికొస్తుంది. కండ ఉన్నదానికి నాలుగు రోజులు ఓర్చుకునే శక్తి ఉంటుంది. పల్చటి తోలుకి ఉండదు.

పాల ప్యాకెట్టు లెక్క

పగడం గూడు కట్టుకోవడానికి నీళ్లలోంచి కాల్షియం, ఆల్కలినిటీ (నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్, కార్బొనేట్ల కొలత, క్లుప్తంగా ఆల్క్) రెండూ లాక్కుంటుంది. రెండూ ఒకే జోరుగా తరిగినట్టు కనబడవు. ఆల్క్ 2.8 డీకేహెచ్ (ఆల్క్ కొలిచే ప్రమాణం) తరిగేసరికి కాల్షియం తరిగేది 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) మాత్రమే. ట్యాంకులో కాల్షియం 420 ఉందనుకోండి, 400 కి దిగితే పగడానికి తేడా తెలియదు. అదే ఆల్క్ 8.5 నుంచి 5.7 కి దిగితే ట్యాంకు కష్టాల్లో పడ్డట్టే. కాల్షియం ఇంట్లో బియ్యం బస్తా, ఆల్క్ పాల ప్యాకెట్టు. బస్తా తరుగుతున్నట్టు కనబడదు, పాలు మాత్రం పొద్దున లేచేసరికి కావాలి.

మీ ట్యాంకు రోజుకు ఎంత తాగుతోందో తెలుసుకోవడం తేలిక. ఒక రోజు డోసింగ్ (తరిగిన ఆల్క్, కాల్షియం మళ్లీ పోయడం) ఆపండి. ఇవాళ సాయంత్రం ఏడింటికి ఆల్క్ కొలవండి, రేపు సాయంత్రం ఏడింటికి మళ్లీ కొలవండి. తేడాయే మీ రోజు ఖర్చు. నా పుస్తకంలో రాసుకున్న అంకెలు ఇవి. నాలుగు ఎల్పీఎస్ ఫ్రాగ్‌లు (పెద్ద పగడం నుంచి విరిచిన చిన్న ముక్కలు) ఉన్నప్పుడు రోజుకు 0.1 డీకేహెచ్. అవి పెరిగి రాళ్లన్నీ నిండాక 0.4. మధ్యలో ఎస్పీఎస్ పిచ్చి పట్టి ఏడు అక్రోపోరాలు, మూడు మాంటిపోరాలు పెట్టిన రోజుల్లో 1.6.

ఇప్పుడు డోసర్ (డోసింగ్ తనంతట తానే చేసే పంపు) గొట్టం నాలుగు రోజులు బిగుసుకుపోయిందనుకోండి. ఎల్పీఎస్ ట్యాంకు 8.5 నుంచి 6.9 కి దిగుతుంది. హామర్ కాస్త ముడుచుకుంటుంది, అంతే. ఎస్పీఎస్ ట్యాంకు లెక్క ప్రకారం 2 దగ్గరికి పోవాలి. అంతదాకా పోదు, ఎందుకంటే అంతకు ముందే తాగేవి చచ్చిపోతాయి.

తగ్గడం కన్నా ఒక్కసారిగా పెరగడం ఇంకా ప్రమాదం. నా ట్యాంకులో రాళ్లూ ఇసుకా పోగా నీళ్లు 130 లీటర్లుంటాయి. అందులో 4 గ్రాముల బేకింగ్ సోడా వేస్తే ఆల్క్ సుమారు 1 డీకేహెచ్ పెరుగుతుంది. 4 గ్రాములంటే ఒక చిన్న చెంచా లోపే. ఒకసారి మేం విజయవాడలో ఉండగా, ట్యాంకు చూస్తానని మాటిచ్చిన స్నేహితుడు రెండు రోజులు రాలేకపోయాడు. మూడో రోజు వచ్చి, పాపం మంచికే, బాకీ ఉన్నదంతా ఒకే పూట పోసేశాడు. వీడియో కాల్‌లో చూపించాడు. నీలం కొనల అక్రోపోరా తెల్లగా, కొనలు కాలిన అగరొత్తిలా ఉంది. ఆయన్ని ఏమనగలం? అప్పట్నుంచి చేపల తిండి మాత్రల డబ్బాలో సోమ, మంగళ అని గళ్లలో పెట్టి వెళ్తున్నాను. డోసింగ్ ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. "డోసర్ ఆగిపోతే ఆగనివ్వండి, మీరేమీ పోయొద్దు" అని ట్యాంకు మీద తెలుగులో కాగితం అతికించి ఉంటుంది.

కరెంటు పోయిన రాత్రి

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు పడి కరెంటు పోయిన సంగతి ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోరు. మా ఇంట్లో ఒకటిన్నర రోజు లేదు. ట్యాంకు చుట్టూ రజాయిలు, మా అమ్మ పంపిన బొంత, ఆఖరికి పిల్లల స్లీపింగ్ బ్యాగులు కూడా చుట్టాం. గంటకోసారి ప్లాస్టిక్ చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాను, గాలి కలవాలని. 78 ఫారెన్‌హీట్ ఉండాల్సిన నీళ్లు 64 కి దిగాయి.

కరెంటు వచ్చాక మూడో రోజు నుంచి అక్రోపోరాలు ఒకటొకటిగా ఒలిచేశాయి. రాత్రి పడుకునేటప్పుడు రంగు ఉంది, తెల్లారేసరికి తోలంతా ఊడి తెల్లటి పుల్ల మిగిలింది. దీన్నే ఆర్టీఎన్ (ర్యాపిడ్ టిష్యూ నెక్రోసిస్) అంటారు. ఏడింటిలో ఆరు పోయాయి. మాంటిపోరా పళ్లెం సగం పోయి సగం మిగిలింది. ఎల్పీఎస్‌లైన హామర్, డంకన్, ఫావైటిస్ మాత్రం పది రోజులు మూతి ముడుచుకుని కూర్చుని, తర్వాత ఏమీ జరగనట్టు విచ్చుకున్నాయి. ఆ రాత్రి తర్వాత ముప్పై డాలర్లు పెట్టి బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాను. అది ముందే కొని ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

టార్చ్, హామర్, ఫ్రాగ్‌స్పాన్: మూడింటిలో ఏది?

అమెరికాలో మొదటి ఎల్పీఎస్ కొనేవాళ్లలో చాలామంది చూపు ఈ ముగ్గురి మీదే పడుతుంది. నీళ్ల ఒరవడికి వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతాయి మరి. గుర్తుపట్టాలంటే టెంటకిల్ కొన చూడాలి. వేలు పొడుగ్గా, కొమ్మల్లేకుండా వచ్చి చివర ఒక్క గుండ్రటి పూసతో ఆగిపోతే టార్చ్. చివర సుత్తి తలలాగానో, లంగరులాగానో, నెలవంకలాగానో అడ్డంగా తిరిగితే హామర్. వేలు మధ్యలోంచే చిన్న చిన్న బుడిపెలు పక్కలకు చీలి, దగ్గర్నుంచి కప్ప గుడ్ల ముద్దలా కనబడితే ఫ్రాగ్‌స్పాన్. మూడూ ముడుచుకుని ఉన్నప్పుడు తేడా చెప్పడం నాకూ కష్టమే. అలాంటప్పుడు కొనకండి, విచ్చుకున్నాక రండి. అసలు విచ్చుకోనిదాన్ని కొనడమే తప్పు.

పేర్ల సంగతి ఎందుకు చెప్తున్నానంటే దానికో ఉపయోగముంది. మూడింటినీ చాలాకాలం యూఫిలియా అనే అన్నారు, షాపుల్లో ఇప్పటికీ అంటారు. 2017లో జన్యువుల ఆధారంగా హామర్‌నూ ఫ్రాగ్‌స్పాన్‌నూ ఫింబ్రియాఫిలియా అనే జాతి కిందకు మార్చారు. టార్చ్ యూఫిలియాలోనే మిగిలింది. ట్యాంకులో కూడా అలాగే ఉంటుంది వ్యవహారం. హామర్, ఫ్రాగ్‌స్పాన్ ఒకదాన్నొకటి తగిలినా మామూలుగా గొడవపడవు, దాయాదుల్లా పక్కపక్కన సర్దుకుంటాయి. టార్చ్ మాత్రం ఇద్దర్నీ కుడుతుంది. దాన్ని కనీసం ఒక జానెడు దూరంలో, ఒరవడికి కింది వైపున విడిగా పెట్టాలి. నలభై గ్యాలన్ల ట్యాంకులో ఆ జానెడు చోటు చాలా ఖరీదైనది.

అసలు బేరం తేలేది ఇంకో చోట. హామర్‌లో రెండు రకాల ఎముక, అదే సున్నపు గూడు, ఉంటుంది. ఒకటి గోడలా వంపులు తిరుగుతూ ఒకే ముక్కగా సాగేది, దాన్ని వాల్ అంటారు. రెండోది చెట్టు కొమ్మల్లా చీలి, ఒక్కో కొమ్మ చివర ఒక్కో తల ఉండేది, అది బ్రాంచింగ్. వాల్ హామర్ చూడ్డానికి నిండుగా, అందంగా ఉంటుంది. కానీ ఒక మూల దెబ్బ తగిలినా, బ్రౌన్ జెల్లీ అనే జబ్బు పట్టినా, తోలు అంతా ఒకటే కాబట్టి ఆ జబ్బు మొత్తానికీ పాకుతుంది. బ్రాంచింగ్‌లో తలలు విడివిడి. చెడిపోయిన తల మీద గోధుమరంగు జిగురులాంటిది కనబడగానే సిరంజితో లాగేసి, ఆ కొమ్మను విరిచి పారేస్తే మిగతావి బతుకుతాయి. నేను రెండు వాల్ హామర్లు పోగొట్టుకున్నాకే ఇది నేర్చుకున్నాను. మొదటిసారి కొనేవాళ్లకు నా మాట: రెండు తలల బ్రాంచింగ్ హామర్. ఒక్క తల ఉన్నది చవకే, కానీ అది పోతే ఏమీ మిగలదు. రెండు తలలుంటే ఒకటైనా మిగులుతుంది.

టార్చ్ ఎప్పుడు? హామర్ ఏడాది పాటు బాగా పెరిగాక. ధర కూడా ఒక కారణం. 2018లో ఇండోనేసియా పగడాల ఎగుమతి ఆపేసింది, 2020లో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యలో టార్చ్‌ల ధరలు ఎక్కడికో వెళ్లాయి. బంగారు రంగువైతే మరీనూ.

మిగతా ఎల్పీఎస్ గుంపు

డంకన్‌ను ఎవరూ పెద్దగా పొగడరు, కానీ నా ఓటు దానికే. చిన్న చిన్న పొద్దుతిరుగుడు పూల గుత్తిలా ఉంటుంది. ఒక తలతో తెచ్చాను, ఏడాదిన్నరకు పదకొండయ్యాయి. వారానికోసారి చిన్న రొయ్య ముక్క పెడితే ఆబగా పట్టుకుంటుంది. అకాన్ కూడా అంతే శాంతస్వభావం, నీడ పట్టున ఉన్నా రంగు పోదు. షాపుల్లో అకాన్ అనే పేరే ఉన్నా, 2016 నుంచి దాని జాతి మైక్రోముస్సా.

ఫావియా, ఫావైటిస్‌ల మధ్య షాపువాళ్లే తికమకపడుతుంటారు. రెండూ గుండ్రటి రాయి మీద తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటాయి. గళ్ల మధ్య గోడ చూడండి. ప్రతి గడికీ దాని సొంత గోడ ఉండి, రెండు గోడల మధ్య సన్నటి కాలవ కనబడితే ఫావియా. పసిఫిక్ నుంచి వచ్చేవాటిని ఇప్పుడు డిప్సాస్ట్రియా అంటున్నారు. రెండు గళ్లకూ కలిపి ఒకే గోడ ఉంటే, మన అపార్ట్‌మెంట్ ఫ్లాట్లలా, ఫావైటిస్. పెంపకంలో పెద్ద తేడా లేదు. రెండూ మొండివి, రెండూ రాత్రిపూట పొడుగాటి స్వీపర్లు (కుట్టే టెంటకిళ్లు) చాచి పక్కవాణ్ణి కుడతాయి. పగలు చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అనుకోకండి, రాత్రి పదకొండుకు టార్చిలైటు వేసి చూడండి.

గలాక్సియాకు మాత్రం చిన్న ట్యాంకులో చోటే లేదు. దాని స్వీపర్లు అడుగు దూరం దాకా పోగలవు. ట్రాకీఫిలియాను ఇసుక మీదే పెట్టాలి. రాయి మీద పెడితే ఉబ్బినప్పుడు కండ అంచుకు రాసుకుని చిరుగుతుంది.

గోనియోపోరా, అల్వియోపోరా ఒకేలా కనబడతాయి, పొడుగు కాడ మీద పువ్వు. పువ్వు రేకులు లెక్కపెట్టాలి: ఇరవై నాలుగైతే గోనియోపోరా, పన్నెండైతే అల్వియోపోరా. నీళ్లలో కదులుతుంటే లెక్క తప్పుతుంది, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని లెక్కపెట్టండి. ఒకప్పుడు గోనియోపోరా ఎవరి ట్యాంకులోనూ ఏడాది బతికేది కాదు. ఇప్పుడు ట్యాంకుల్లోనే పెంచిన ముక్కలు దొరుకుతున్నాయి, వాటిలో చాలావరకు బాగుంటున్నాయి. అయినా మొదటి పగడంగా వద్దంటాను.

సన్ కోరల్ చూడ్డానికి బంతిపూవే. దానికి నాచు కాపురం లేదు, వెలుతురుతో పని లేదు. అందుకే ప్రతి తలకూ విడివిడిగా తిండి పెట్టాలి. నెల రోజులు ఊరెళ్లేవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఎస్పీఎస్‌లోకి దిగితే

దిగకూడదని కాదు. ఏడాది దాటిన ట్యాంకై, మూడు నెలల పాటు ఆల్క్ రోజూ అర డీకేహెచ్ కన్నా ఎక్కువ ఊగకుండా ఉంటే దిగండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చేసి మురిసిపోవద్దు. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంటే చాలు. మరీ సున్నాకు తెస్తే పగడాలు పాలిపోతాయి, పైగా డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవుల జిగురు మొదలవుతుంది.

మొదటి మెట్టు మాంటిపోరా. క్యాబేజీ ఆకుల్లా పళ్లేలుగా పరుచుకునేది కాప్రికార్నిస్, వేళ్లలా నిలబడేది డిజిటాటా. నేనైతే డిజిటాటా అంటాను. పళ్లెం రకం రెండేళ్లలో గొడుగు పట్టి కింద ఉన్నవాటికి వెలుతురు లేకుండా చేస్తుంది. డిజిటాటా విరిగితే ముక్కను సూపర్ గ్లూ జెల్‌తో ప్లగ్ (ముక్క నిలబెట్టే చిన్న బిళ్ల) మీద అతికించి స్నేహితుడికి ఇవ్వొచ్చు.

డిజిటాటాకూ అక్రోపోరాకూ తేడా చూడాలంటే కొమ్మ కొన చూడండి. అక్రోపోరా ప్రతి కొమ్మ చివరా, సరిగ్గా నడిమధ్యన, ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. కొమ్మను పైకి లాగేది ఆ ఒక్క పాలిపే, పక్కన ఉన్నవన్నీ దానికి పుట్టినవే. డిజిటాటా కొనన అలాంటి నాయకుడుండడు, మొత్తం నూగుగా ఉంటుంది. బర్డ్స్‌నెస్ట్ అనే సెరియాటోపోరాలో పాలిప్‌లు కొమ్మ పొడవునా వరసలు కట్టి ఉంటాయి. స్టైలోఫోరా కొమ్మలు మొద్దుగా, నునుపుగా ఉంటాయి. బర్డ్స్‌నెస్ట్ చాలా జోరుగా పెరుగుతుంది. పెరిగి పెరిగి తన నీడ తన మీదే పడి లోపలి కొమ్మలు చచ్చిపోతాయి, అందుకే అప్పుడప్పుడు కత్తిరించాలి.

అక్రోపోరాయే కావాలంటే గ్రీన్ స్లైమర్ అనే పేరుతో అమ్మేది, అక్రోపోరా యోంగై, మొదలుపెట్టడానికి మంచిది. నా ఏడింటిలో ఆ మంచు రాత్రి బతికింది అదొక్కటే. షాపుల్లో అమ్మే అక్రోపోరాలు హిందూ, పసిఫిక్ సముద్రాలవి. అమెరికా సొంత ఫ్లోరిడా స్టాగ్‌హార్న్, ఎల్క్‌హార్న్‌లను 2006 నుంచే ముప్పున్న జీవులుగా చట్టంలో పెట్టారు. అవి ఎక్కడైనా అమ్ముతున్నారంటే ఆ షాపు గడప దాటి వచ్చేయండి.

వెలుతురు విషయం క్లుప్తంగా, పార్‌లో (పగడం ఒంట్లోని నాచు వాడుకోగల వెలుతురు కొలత): ఎల్పీఎస్‌కు 80 నుంచి 150, మాంటిపోరాకు 150 నుంచి 250, అక్రోపోరాకు 250 నుంచి 350. పార్ మీటరు కొనక్కర్లేదు, ఊళ్లో రీఫ్ క్లబ్బులో (పగడాలు పెంచేవాళ్ల సంఘంలో) అరువుకు దొరుకుతుంది.

షాపులో నిలబడ్డప్పుడు

చీరల షాపులో ట్యూబులైట్ల కింద చూసిన రంగును నమ్మి మా ఆవిడ ఎప్పుడూ కొనదు. గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తుంది. పగడానికీ అదే పద్ధతి. షాపులో అంతా ముదురు నీలం లైట్లు, దాని కింద గోధుమరంగు కూడా నిప్పులా మెరుస్తుంది. "ఒక్క నిమిషం తెల్ల లైటు వేస్తారా" అని అడగండి. వేయనంటే ధర గురించి మాట్లాడే అవసరమే లేదు. పేర్లనూ అంతే నమ్మాలి. మార్కెట్లో ప్రతి మామిడిపండూ బంగినపల్లే అయినట్టు, ఇక్కడ ప్రతి ఆకుపచ్చ ముక్కకూ ఏదో ఒక గొప్ప పేరుంటుంది.

ఆ తర్వాత ప్లగ్‌ను తలకిందులు చేసి చూడండి, సిగ్గుపడక్కర్లేదు. అక్రోపోరా మొదలు దగ్గర, తోలు లేని ఎముక మీద, తేనె రంగు గుడ్ల మచ్చలున్నాయా? అవి చదునుపురుగులవి. డిప్పులో (పురుగుల మందు కలిపిన నీళ్లలో) ముంచితే పురుగులు రాలతాయి కానీ గుడ్లు చావవు. అందుకే ఇంటికి తేగానే పాత ప్లగ్ విరిచేసి, ఎముక మొదలు కత్తిరించి, కొత్త ప్లగ్ మీద అతికించాలి. మాంటిపోరా అంచులు కింది వైపు నుంచి కొరికినట్టు తెల్లగా ఉంటే, మెత్తటి రోమాల్లాంటి తెల్లటి నూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) ఉన్నట్టు. కొన్ని మిల్లీమీటర్ల జీవులు, పళ్లెమంత మాంటిపోరాను నెలలో తినేస్తాయి. హామర్‌లో అయితే తోలు ఎముక మీద నుంచి వెనక్కి తగ్గి, తల కింద తెల్లటి గీత కనబడితే వదిలేయండి.

వీలైతే సముద్రం నుంచి నేరుగా వచ్చినది కాకుండా ఎవరి ట్యాంకులోనో మూడు నాలుగేళ్లు పెరిగిన ముక్క తీసుకోండి. క్లబ్బు వాళ్లు ఏడాదికి రెండు మూడుసార్లు ఫ్రాగ్ స్వాప్ (ముక్కల సంత) పెడతారు. అక్కడ ఇరవై డాలర్లకు వచ్చే ముక్క షాపులో ఎనభైది కన్నా నమ్మకమైనది. ఇచ్చినాయన నంబరు కూడా మీ దగ్గరుంటుంది.

కుర్రాడి బేరం

మళ్లీ మా కుర్రాడి దగ్గరికొద్దాం. ఫోటోలోది హామరే, కానీ వాల్ రకం. అయిదు నెలల ట్యాంకు, చేతితో డోసింగ్, డిసెంబర్లో నాలుగు వారాలు ఊరు. తొంభై డాలర్లు వెనక్కి జేబులో పెట్టించాను. ఆ తర్వాతి ఆదివారం స్వాప్‌లో రెండు తలల బ్రాంచింగ్ హామర్ ముప్పై అయిదుకూ, మూడు తలల డంకన్ పాతికకూ ఇప్పించాను. ఈ రెండూ కలిసి రోజుకు 0.1 కూడా తాగవు. నెల రోజులు వదిలేసినా, వెళ్లే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి నీళ్లు మారిస్తే చాలు, ఆ మధ్యలోది నేనే చేస్తానన్నాను. అదే అతను ఊరెళ్లే రకం కాకపోతే, ట్యాంకు రెండేళ్ల పాతదై, ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లు తనే నింపేది), డోసర్, జనరేటరు అన్నీ ఉండి ఉంటే డిజిటాటా, స్టైలోఫోరా తీసుకోమనేవాణ్ణి. ట్యాంకు ఊగడం చూస్తే టెన్షన్ పడే మనిషైతే ఎన్నేళ్లయినా ఎల్పీఎస్‌తోనే ఉండిపోవచ్చు. నేను ఆ దారికే తిరిగి వచ్చాను. గ్రీన్ స్లైమర్ ఒక్కటి మాత్రం, దాని మొండితనానికి గౌరవంగా, పై రాయి మీద ఉంచాను.

నవంబర్ ఆఖర్లో మళ్లీ ఫోన్. "అన్నా, హామర్ మూడో తల వేస్తోంది. దాన్ని విరిచి ఒక ఫ్రాగ్ ఇండియా పట్టుకెళ్లనా? హైదరాబాద్‌లో మా బావ ట్యాంకు పెట్టాడు, తెగ ముచ్చటపడుతున్నాడు."

వద్దంటే వద్దన్నాను. రాతి పగడాలన్నీ అంతర్జాతీయంగా సైటిస్ ఒప్పందం (ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసేది) రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి కాగితాల్లేకుండా దేశం దాటించకూడదు. ఇండియాలో ఇంకా గట్టిగా ఉంటుంది. 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులికీ ఏనుగుకూ ఇచ్చిన రక్షణతో సమానంగా చేర్చారు. ఆ షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, కచ్ సింధుశాఖలో తవ్వి తెచ్చిన ముక్కలు అక్కడక్కడా దొంగచాటుగా అమ్ముతుంటారు. "ఇంపోర్టెడ్ అండీ" అన్న ఒక్క మాట కాగితం కాదు. అలంకారానికి పెట్టే ఎండు పగడపు రాయికీ, దాన్నే లైవ్ రాక్ అని అమ్మినా, ఇదే వర్తిస్తుంది. బావగారికి సముద్రపు చేపలే ముచ్చటైతే, మనుషులు పోతపోసిన సిరామిక్ రాళ్లతో చేపల ట్యాంకు నడుపుకోవచ్చు.

"అయితే విరవొద్దంటావా?"

"విరవకు. మూడో తలకు ఇంకా నోరు కూడా విడిపోలేదు. సంక్రాంతి చేసుకుని రా, అప్పటికి విడిపోతుంది. ఆ ముక్క నాకు ఇద్దువుగానీ, నా హామర్ పక్కన చోటుంది."